జానెడు ముఖం

మైత్రీవనం వెనక సందుల్లో తలెత్తితే ఆకాశం కనిపించని రోజులవి. జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్ అంటూ బోర్డు మీద బోర్డు. ఆ బోర్డులన్నిటి అడుగున, ఒక జిరాక్సు షాపుకీ ఒక కర్రీ పాయింటుకీ మధ్య ఇరుక్కుని ‘అరుణా ఫోటో స్టూడియో’ ఉండేది. దాని యజమాని పేరు బుల్లబ్బాయి. అరవైకి దగ్గరపడ్డ బట్టతల మనిషికి ఆ పేరేమిటని కోచింగు పిల్లలు నవ్వుకునేవారు. ఆయనది కోనసీమ. అక్కడ ముద్దుకి పిలిచిన పేరు మనిషితోపాటే ముసలిదైపోతుంది, దాన్నెవరూ పట్టించుకోరు.

పొట్ట నింపేవి వీసా ఫోటోలు. సాఫ్ట్‌వేరు పుణ్యమా అని ఊరూరి పిల్లలూ అమీర్‌పేటలో దిగి, నాలుగు నెలలు కోర్సు చదివి, వచ్చి ఆయన స్టూలు మీద కూర్చునేవారు. తెల్లగుడ్డ ముందు, చెవులు రెండూ కనపడేలా, పళ్లు కనపడకుండా, ఎవరో ఇప్పుడే తిట్టినట్టు ముఖం పెట్టాలి. అవి బుల్లబ్బాయి నిద్రలో కూడా తీయగలడు. ఆయన ప్రాణమంతా పెళ్లిచూపుల ఫోటోల్లో ఉండేది.

హస్తవాసి మంచిదని డాక్టర్లను అంటారు. అమీర్‌పేటలో ఆ మాట ఒక ఫోటోగ్రాఫరుని అనేవారు. బుల్లబ్బాయి ఫోటో తీస్తే సంబంధం కుదిరి తీరుతుందని తల్లుల నమ్మకం. ఎర్రగడ్డ నుంచీ మాసబ్ ట్యాంక్ నుంచీ పట్టుచీరలు సంచుల్లో పెట్టుకుని వచ్చేవారు. హైటెక్ సిటీ క్యాబులో దిగి, మెడలో కంపెనీ కార్డు తీసి బ్యాగులో పడేసి, విసుగ్గా కూర్చునే పిల్లలను ఆయన మాటల్లో పెట్టేవాడు. మీ మేనేజరు మంచోడేనా, క్యాంటీన్లో ఉప్మా ఎలా ఉంటుంది అని ఏదో ఒకటి. ఆ పిల్ల ఏ మేనేజరునో తలుచుకుని నవ్వబోయి ఆపుకుంటుంది చూడండి, అప్పుడు నొక్కేవాడు. ఇందులో హస్తవాసి లేదు, పాడూ లేదు, ఓపిక ఉంది. కానీ ఆ మాట వింటే మాత్రం ఆయన పొంగిపోయేవాడు, దాచుకోవడం చాతకాని మనిషి.

ఆయన పని చేసే తీరు ఒకటి చెప్పాలి. అమలాపురంలో ఫోటో కళ నేర్పిన గురువు, కుడికన్ను కెమెరాకి ఆనించి ఎడమకన్ను గట్టిగా మూయాలని నేర్పాడు. ఆ అలవాటు ముప్పై అయిదేళ్లు నడిచింది. మూసి మూసి ఎడమకంటి చుట్టూ ముడతలు పడ్డాయి, కుడివైపు మాత్రం కుర్రవాడి కన్నులా నున్నగా ఉండేది. డిజిటల్ కెమెరాలు వచ్చాక అందరూ ఫోటో నొక్కగానే వెనక తెరమీద చూసుకోవడం మొదలుపెట్టారు. బుల్లబ్బాయికి అది నామోషీ. చూడాల్సింది నొక్కకముందు, నొక్కాక చూసేదేమిటని ఆ తెరమీద నల్ల టేపు అంటించేశాడు. కంప్యూటరు జోలికి అసలు పోలేదు. ఆ పని భార్య అరుణాదేవి నెత్తిన వేసుకుంది. అదే సందులోని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో, తన వయసులో సగం లేని పిల్లల మధ్య బెంచీమీద కూర్చుని ఫోటోషాప్ నేర్చుకుని వచ్చింది. ఆయన తీయడం, ఆవిడ సరిచేసి ప్రింటు వేయడం. సంసారం అలా సాగిపోయేది.

సాయంత్రాలు పంజాగుట్టలో చక్రపాణి కెమెరా షాపు దగ్గర టీ. చక్రపాణిది ఏలూరు, పదేళ్లుగా స్నేహం. ఆ స్నేహంలో ఎప్పటికీ తెగని తగువు ఒకటుండేది. పూర్వం ఫిల్ము రీలులో ఒక్కో బొమ్మకి ఎంత చోటుండేదో, అంత చోటూ ఉన్న డిజిటల్ కెమెరాని ఫుల్‌ఫ్రేమ్ అంటారు. మామూలు కెమెరాలో ఆ చోటు చిన్నది. ఫిల్ము కాలం నాటి లెన్సు దానికి తగిలిస్తే చుట్టూ అంచులు తెగిపోయి నడిమి భాగమే పడుతుంది, దాన్ని క్రాప్ అంటారు. మనుషుల ఫోటోలు తీసేవాడికి ఫుల్‌ఫ్రేమ్ లేకపోతే ఎలాగని చక్రపాణి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. వెనకాల అంతా మబ్బులా కరిగిపోయి ముఖం ఒక్కటే పైకి తేలుతుందనీ, చీకట్లో కూడా చర్మం చర్మంలా వస్తుందనీ చెప్పేవాడు. బుల్లబ్బాయి టీ గ్లాసు కిందపెట్టి ఒకటే మాట అనేవాడు.

“ముఖం ఎంతుంటుందయ్యా? జానెడు. జానెడు ముఖానికి ఎకరమంత కెమెరా ఎందుకు?”

షాపులో ఉన్న కుర్ర ఫోటోగ్రాఫర్లు నవ్వేవారు. వాళ్లకూ చెప్పేవాడు, ముఖానికి కావాల్సింది ఒక కిటికీ, దాని పక్కన కూర్చోబెట్టే ఓపిక అని. ఈ విషయంలో ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. ఆ నిజాన్ని ఒకే ఒక్కసారి తనే వదిలేసుకున్నాడు. దానికి ఆయనేం పోగొట్టుకున్నాడో చెప్పడానికే నా ఈ గొడవంతా.

మొదట పసిగట్టింది అరుణాదేవి. ఫోటోల అంచుల్లో ఉండకూడనివి ఉంటున్నాయి. లైటు స్టాండు కాలు, తెర చివర, ఒకసారి గోడకి ఆనించిన చీపురు. ఉండాల్సినవి ఒక్కోసారి ఉండటం లేదు, మోచెయ్యి, జడ కుచ్చు. మనిషి ఎప్పుడూ అలా వదిలేసే రకం కాదు. వయసు మీదపడి పరధ్యానం వచ్చిందనుకుంది. చెబితే చిన్నబుచ్చుకుంటాడని చెప్పలేదు. చీపురు చెరిపేసింది, మోచెయ్యి అతికించింది. ఏడాది పైగా అలా సర్దుకుంటూ వచ్చింది.

ఇక రుద్రమ్మ. బల్కంపేటలో ఇప్పుడు అపార్టుమెంట్లు లేచినచోట ఒకప్పుడు ఆవిడకి బర్రెల కొట్టం ఉండేది. బుల్లబ్బాయి దంపతులు కొత్తగా కాపురానికి వచ్చి అక్కడొక గదిలో అద్దెకున్నప్పుడు పాలు పోసింది ఆవిడే. కొలత పోశాక చెయ్యి వంచి ఇంకాస్త కొసరు పోయకుండా గుమ్మం దిగేది కాదు. అరుణాదేవికి కడుపు పోయి మంచం పట్టినప్పుడు ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంది. నుదుటిమీద చెయ్యి వేసి, ఏమీ మాట్లాడకుండా, గంటలకొద్దీ. మళ్లీ వాళ్లకు పిల్లలు కలగలేదు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నుదుటిమీద ఉన్నట్టే ఉంటుందని అరుణాదేవి అంటూండేది.

ఆషాఢంలో ఎల్లమ్మ కల్యాణానికి రుద్రమ్మ చిన్నకొడుకు కుటుంబం సిద్దిపేట నుంచి వచ్చింది. పెద్దకొడుకు కనకయ్య నీళ్ల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. అందరం ఒక్కచోట ఉన్నాం, ఫోటో దిగుదామని మొత్తం బలగాన్ని స్టూడియోకి తీసుకొచ్చాడు. రుద్రమ్మకి ఎనభై దాటాయి. జరీ అంచు చీర, రెండు చేతులకీ వెండి కడియాలు, ముంజేతి మీద ఆకుపచ్చగా పచ్చబొట్టు చుక్కలు. లోపలికి వస్తూనే బుల్లబ్బాయి గడ్డం పట్టుకుంది.

“జర మంచిగ దియ్యి కొడుకా. ఓటు కార్డుల దయ్యం లెక్క ఉన్న. రేపు నేను పోతె వీళ్లు గదే పెద్దగ చేసి దండేస్తరు.”

అందరూ నవ్వారు. ఆ కార్డులో ఆవిడ ముఖం నిజంగానే ఉడకబెట్టిన వంకాయలా ఉండేది. ఆవిడకి జీవితం మొత్తంలో ఉన్న ఫోటో అదొక్కటే.

“నీ ఫోటో నేను తియ్యకపోతే ఎవరు తీస్తారమ్మా?” అన్నాడు బుల్లబ్బాయి.

ఆయన స్టూడియోలో కుర్చీలకు నేలమీద గుర్తులుండేవి, కెమెరా స్టాండుకీ ఉండేది. నాలుగు కుర్చీలు వేస్తే ఎంతమంది పడతారో ఆయనకి కొట్టినపిండి. ఆ రోజు అయిదో కుర్చీ కావలసి వచ్చింది. రుద్రమ్మని నడిమి కుర్చీలో కూర్చోమన్నాడు. ఆవిడ వినలేదు. మోకాళ్లు చాపుకోవాలి, గోడకి ఆనుకుంటే హాయిగా ఉంటుందని చివరికి వెళ్లి కూర్చుంది. పక్కన నిలబడ్డ మునిమనవరాలు దివ్యశ్రీ భుజంమీద చెయ్యి వేసింది. బుల్లబ్బాయి అందరినీ సర్ది, ఆవిడ కొంగు సర్ది, వెనక్కి వచ్చి, ఎప్పటి గుర్తు దగ్గరే నిలబడి, ఎడమకన్ను మూసి, కుడికన్ను ఆనించి మూడుసార్లు నొక్కాడు. తర్వాత ఆవిడని కిటికీ పక్కన ఒంటరిగా కూర్చోబెట్టి తీద్దామనుకున్నాడు. ఇంతలో కరెంటు పోయింది, మబ్బు పట్టి కిటికీలో వెలుతురూ పోయింది. చిన్నకొడుకు వాళ్లకి బస్సు టైమైంది. మళ్లీ వస్తలే కొడుకా అని రుద్రమ్మ కర్ర పట్టుకుని లేచింది.

మర్నాడు అరుణాదేవి కంప్యూటరు ముందు కూర్చుని మూడు ఫోటోలూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచింది. తర్వాత ఆయన్ని పిలిచింది. మూడింటిలోనూ దివ్యశ్రీ దగ్గరే బొమ్మ తెగిపోయింది. ఆ పిల్ల భుజంమీద ఒక చెయ్యి మాత్రం ఉంది. కడియం, పచ్చబొట్టు, వేళ్లు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆ చేతి వెనక మనిషి లేదు. దీన్ని అతికించడం అరుణాదేవి వల్ల కాలేదు.

 నేను చూశాను, కొంగు కూడా సర్దాను అని ఆయన అదే మాట తిప్పి తిప్పి అన్నాడు. చూసిన మాట నిజమే. రెండు కళ్లతో, కెమెరా అవతల నిలబడి చూశాడు. కెమెరాలోంచి చూసినప్పుడు చివరిదాకా వెళ్లి చూశాననే అనుకున్నాడు.

ఆ సాయంత్రం చక్రపాణి ఫోటో చూసి తేల్చి చెప్పాడు. ఆ లెన్సు ఫిల్ము కెమెరా కోసం పుట్టింది, ఈ చిన్న కెమెరాలో అంచులు తెగాయి, అదే ఫుల్‌ఫ్రేమ్ అయ్యుంటే అక్కడే నిలబడి తీసినా ముసలావిడ మొత్తం పడేదన్నాడు. అది అబద్ధం కాదు. కానీ ఆ లెన్సు ఆ కెమెరాకి తగిలించి నాలుగేళ్లయింది. ఇన్నాళ్లూ తెగనివి ఇప్పుడెందుకు తెగుతున్నాయని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. తట్టాల్సిన అరుణాదేవి ఆ చర్చలో లేదు.

కనకయ్య వచ్చి ఫోటో చూశాడు. కోప్పడి ఉంటే బుల్లబ్బాయికి కాస్త తేలిగ్గా ఉండేదేమో. ఏం ఫికర్ లేదన్నా, అవ్వ యాడికి పోతది, ఒక్కదాన్ని మల్ల తీద్దువు తియ్యి అని ఓదార్చి వెళ్లాడు. అరుణాదేవి కూడా అదే అంది. బల్కంపేట ఎంత దూరం, రేపు పొద్దున్నే కెమెరా పట్టుకెళ్లి వాళ్ల అరుగుమీద కూర్చోబెట్టి తీసుకురండి అంది.

“ఈ తెగిన కెమెరాతో ఆవిడ ముందుకెళ్లను. ఫుల్‌ఫ్రేమ్ కొంటాను. దాంతోనే తీస్తాను,” అన్నాడాయన.

“ముఖానికి అక్కర్లేదని మీరేగా ఇన్నాళ్లూ అన్నారు?”

 మనిషికి తన మీద నమ్మకం పోతే వస్తువు మీదకి మళ్లుతుంది. ఇన్నేళ్లూ చక్రపాణితో వాదించి గెలిచిన మాటని, పోయిన పరువు కోసం ఒక్క పూటలో వదిలేశాడు. నాకు ఇప్పటికీ ఆయన మీద కోపం వచ్చేది ఇక్కడే. అన్నీ తెలిసిన మనిషి, తనకు తెలిసింది తనే నమ్మలేదు.

కెమెరా బొంబాయి నుంచి రావాలి. వస్తోంది వస్తోందని వారాలు గడిచాయి. బల్కంపేట గుడి దగ్గర ఎదురుపడ్డప్పుడల్లా రుద్రమ్మ అడిగేది. ఆవిడకి ఇదంతా వేళాకోళంగా ఉండేది.

“ఏం కొడుకా, నీ పెద్ద కెమెరా ఇంక రాలె? నేను పోయినంక వస్తదా ఏంది?”

వచ్చేస్తుందమ్మా, నిన్ను సినిమా తారలా తీస్తానని ఆయన నవ్వేవాడు. ఆవిడ కర్ర ఊపుకుంటూ వెళ్లిపోయేది.

వినాయక చవితి అయ్యాక కెమెరా వచ్చింది. బుల్లబ్బాయి పెట్టె విప్పి, పసుపుకుంకాలు పెట్టి, పాత లెన్సు తగిలించి, ఎడమకన్ను మూసి కుడికన్ను ఆనించాడు. చూసి కెమెరా దించాడు. కన్ను నలుపుకుని మళ్లీ ఆనించాడు. పాత కెమెరాలో ఎంత కనపడేదో ఇందులో అంత కూడా కనపడటం లేదు. ఎదురుగా కుర్చీ నడిమి భాగం ఉంది. దాని చుట్టూ ఏమీ లేనట్టుగా ఉంది. నలుపు కాదు, మసక కాదు, అక్కడ అసలు చూడ్డానికి ఏమీ లేనట్టు. అడుగున అంకెలు వెలుగుతాయని పుస్తకంలో రాసుంది, అవీ లేవు. ఫుల్‌ఫ్రేమ్ అని చెప్పి పాడైన కెమెరా అంటగట్టారని ఆయనకి ఒళ్లు మండిపోయింది. పెట్టెతో సహా ఆటో ఎక్కి పంజాగుట్ట వెళ్లాడు.

షాపులో జనం ఉన్నారు. ఆయన అందరి ముందూ చక్రపాణి మీద విరుచుకుపడ్డాడు. స్నేహితుడివని నమ్మితే ఇదా నువ్వు చేసేదన్నాడు. ఇది ఫుల్‌ఫ్రేమ్ కాదు, నా పాతదాని కంటే ఎక్కువ తెగుతోందన్నాడు. చక్రపాణి కెమెరా అందుకుని కన్ను ఆనించి, షాపంతా ఒకసారి చుట్టి చూశాడు. పక్కనున్న కుర్రాడికిచ్చాడు, వాడూ చూశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“అంతా కనిపిస్తోంది కదండీ బుల్లబ్బాయి గారూ,” అన్నాడు చక్రపాణి మెల్లిగా. “నాకు ఎడమకన్ను అలవాటు. మీరూ ఓసారి ఎడమకంటితో చూడండి.”

బుల్లబ్బాయికి కుడికన్ను మూయడమే రాలేదు. ముప్పై అయిదేళ్లలో అది ఎప్పుడూ మూతపడింది కాదు. చివరికి అరచేత్తో మూసుకుని ఎడమకన్ను ఆనించాడు.

షాపు మొత్తం వచ్చి నిలబడింది. గోడమీద గడియారం, మూల స్టూలు, దానిమీద టీ గ్లాసులు, తలుపు అవతల రోడ్డుమీద సిటీ బస్సు, అడుగున పచ్చగా వెలుగుతున్న అంకెలు. నాలుగు అంచులూ, నాలుగు మూలలూ ఉన్నాయి. కెమెరా దించి, ఎడమకన్ను మూసి, ఉత్త కుడికంటితో చక్రపాణిని చూశాడు. చక్రపాణి ముఖం ఉంది. షాపు లేదు.

ఇంట్లో, రోడ్డుమీద, అన్నం ముందు రెండు కళ్లూ తెరిచే ఉంటాయి కాబట్టి ఎడమకన్ను కుడికంటి లోటు కప్పిపుచ్చుతూ వచ్చింది. ఎడమకన్ను మూసి బతికేది ఆయన పనిలో ఒక్కచోటే, కెమెరా వెనక. పోయిన కన్ను అక్కడే బయటపడేది. అందుకే ఆయన కెమెరాని అనుమానించాడు. కొత్త కెమెరాలో బొమ్మ పెద్దదై కనపడుతుంది కనక, మిగిలిన ఆ కాస్త చూపులో ఇంకా తక్కువ పట్టింది. ఇదంతా తర్వాత డాక్టరు విడమరిచి చెప్పింది. ఆ పూట మాత్రం ఆయన కెమెరాని చక్రపాణి బల్లమీద పెట్టి, నిన్ను అనరాని మాటలన్నానయ్యా అని, అమీర్‌పేట దాకా నడిచి ఇంటికెళ్లాడు. చక్రపాణి ఆ కెమెరాని మారుమాట లేకుండా వెనక్కి తీసుకున్నాడు.

అరుణాదేవి అంతా వింది. అంచులు సర్దిన సంగతి అప్పుడు చెప్పింది. ఏడాది కిందటే చెప్పుంటే డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లం కదా, నా చేత్తో నేనే దాచిపెట్టానని ఏడ్చింది. ఆయన ఆవిడ పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఆయనకి అప్పుడు రెండూ చేతకాలేదు.

కంటి డాక్టరు నీటికాసులు, అంటే గ్లకోమా అంది. నొప్పి లేకుండా, ఎర్రబడకుండా, పక్కచూపు నుంచి మొదలుపెట్టి లోపలికి తినేసుకుంటూ వస్తుందని చెప్పింది. పోయింది రాదంది. ఎడమకంటిలోనూ మొదలైంది కానీ రోజూ చుక్కలు వేసుకుంటే నిలబెట్టుకోవచ్చంది. ఆ పరీక్షలూ ఈ పరీక్షలూ అంటూ కొన్ని రోజులు పోయాయి. కళ్లలో మందు వేస్తే వెలుతురు చూడలేక ఇంట్లో పడుకునేవాడు. అలా పడుకుని ఒక నిర్ణయానికొచ్చాడు. ఆదివారం పొద్దున పాత కెమెరా తీసుకుని బల్కంపేట వెళ్లాలి. ఎడమకంటితో రుద్రమ్మని తీయాలి. చేతకాకపోతే అరుణ పక్కనుండి చెబుతుంది.

గురువారం తెల్లవారుతూండగా రుద్రమ్మ నిద్రలోనే పోయింది.

రెండు రోజులాగి కనకయ్య స్టూడియోకి వచ్చాడు. గుండు చేయించుకుని, తెల్ల టవలు కప్పుకుని, గుమ్మంలోనే నిలబడ్డాడు. ఫోటోలో ఆవిడ లేదని ఆయనకి తెలుసు. తెలిసీ ఆశ.

“అన్నా, మూడు కొట్టినవు గద. ఒక్కదాంట్లనన్న అవ్వ ముఖం ఉంటదేమో చూడు. గా ఓటు కార్డుది పెట్టొద్దని మస్తుసార్లు చెప్పింది.”

అరుణాదేవి మూడు ఫోటోలూ తెరిచింది. ఆయన పక్కకి జరిగి, ఎడమకంటితో, ఒక్కొక్క ఫోటో చివరిదాకా చూశాడు. చూడటానికి ఏమీ లేదని తెలిసీ చూశాడు. గ్రూపు ఫోటోలోంచి పోయినవాళ్ల ముఖం తీసి పెద్దది చేసివ్వడం ఆ స్టూడియోలో రోజూ ఉండే పనే. చెదలు కొట్టిన ఫోటోల్లోంచి, పెళ్లి భోజనాల వరసల్లోంచి ఎందరినో వెతికి తీసిచ్చారు. తను తీసిన ఫోటోలోంచే తీయలేకపోవడం ఆయనకి ఇదే మొదలు.

“కెమెరా తప్పు కాదు కనకయ్య గారూ,” అన్నాడు బుల్లబ్బాయి. “నా కుడికన్ను పోయింది. ఆవిడ అక్కడే కూర్చుంది, నాకే కనపడలేదు. నాకు ఆ సంగతి తెలియక కెమెరా కోసం చూస్తూ కూర్చున్నాను. ఆ మర్నాడే ఈ పాత కెమెరా తీసుకుని మీ ఇంటికొచ్చుంటే ఆవిడ ఫోటో ఉండేది.”

 కనకయ్య టవలు చివరతో ముఖం తుడుచుకుని కంప్యూటరు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. దివ్యశ్రీ భుజంమీది చేతిని వేలితో తాకాడు.

“గీ చెయ్యి పెద్దగ అయితదా అన్నా?”

“అవుతుంది.”

“అయితే చెయ్యే చెయ్యి. గా చెయ్యి ఎరుగనోడు బల్కంపేటల ఎవ్వడు లేడు.”

దాన్ని అరుణాదేవి సరిచేయలేదు. గోటి కింద నలుపుని, చర్మంమీద ముడతని, మాసిన పచ్చబొట్టుని ఉన్నవి ఉన్నట్టు వదిలేసింది. ఆవిడ ప్రింటు చేతికి తీసుకుని, ఎవరూ చూడకుండా ఒకసారి నుదుటికి ఆనించుకుని, ఫ్రేము కట్టించింది.

దినాల నాడు వాకిట్లో షామియానా కింద, బంతిపూల దండ వేసి ఆ చెయ్యి ఫోటో పెట్టారు. వచ్చినవాళ్లు మొదట తెల్లబోయారు. ఇదేం చోద్యమని ఒకరిద్దరు గొణిగారు. ఒక ముసలామె, ఒకప్పుడు రుద్రమ్మతో కలిసి పాలు మోసిన మనిషి, కర్ర పక్కన పెట్టి ఫోటో ముందు కూర్చుంది. ఇది మన రుద్రక్క చెయ్యే గదా, అని ఆ పచ్చబొట్టు చుక్కలమీద తన చెయ్యి పెట్టుకుని ఏడ్చింది. 

బుల్లబ్బాయి ఒక వారగా నిలబడ్డాడు. పారిపోవాలని ఉంది ఆయనకి. హస్తవాసి అని తనను అన్న ప్రతి తల్లీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోతున్నాడు. భోజనాలయ్యాక కనకయ్య వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. తమ్ముడోళ్లు మళ్లీ వెళ్లిపోతారు, ఆ రోజు కూర్చున్నట్టే అందరం కూర్చుంటాం, ఒక్క ఫోటో తియ్యమన్నాడు. నావల్ల కాదన్నాడు బుల్లబ్బాయి. కనకయ్య చెయ్యి వదల్లేదు. అరుణాదేవి వెళ్లి పాత కెమెరా తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. దాని వెనక తెరమీద నల్ల టేపు లేదు.

అయిదు కుర్చీలు వేశారు. ఆ రోజు ఎవరెక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చున్నారు. గోడ పక్కన చివరి కుర్చీలో దండతో సహా చెయ్యి ఫోటో నిలబెట్టారు. దివ్యశ్రీ దాని పక్కన వచ్చి నిలబడింది. చెప్పకుండానే ఆ కుర్చీ వీపుమీద చెయ్యి వేసింది.

బుల్లబ్బాయి కుడికన్ను అరచేత్తో మూసుకుని ఎడమకన్ను ఆనించాడు. కనకయ్య ఉన్నాడు, తమ్ముడున్నాడు, దివ్యశ్రీ ఉంది. చివరి కుర్చీ సగానికి తెగింది. ఈసారి అది తెగడం ఆయనకి కనిపించింది. అదే కెమెరా, అదే లెన్సు. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. అంతే, కుర్చీ మొత్తం వచ్చింది. దాని పక్కన ఇంకా బెత్తెడు గోడ కూడా మిగిలింది.

ఇంతేనా అనుకున్నాడు. ఆ రెండడుగులే ఆ రోజు వేసుంటే చాలు, ఆవిడకి ముఖం ఉండేది. కెమెరా అద్దంలో అంతా చెమ్మగా అలుక్కుపోయింది. కెమెరా దించి ఎడమకన్ను తుడుచుకున్నాడు. కదలకండి అని అందరికీ చెప్పి, మళ్లీ ఆనించి, చివరి కుర్చీ దాకా వెళ్లి చూసుకుని, అప్పుడు నొక్కాడు.